వెలుగు తోసిన రెక్క

ఆఫీసులో ఆమెను అందరూ "గోరంత" అనే పిలుస్తారు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాన్ని సూర్యుడి వెలుగు ఎంత తోస్తుందో లెక్కకట్టడం ఆమె ఉద్యోగం. ఆ తోపు ఎంతంటే, అరచెయ్యి ఎండలో చాపితే వేడి తెలుస్తుంది గానీ తోపు తెలియనే తెలియదు. "వెలుగు తోస్తుందట! అయితే మా బీరువా కాస్త జరిపించమ్మా," అని పక్కింటావిడ ఏడిపిస్తుంది. గోరంత ఉడుక్కుంటుంది. నరం లేని నాలుకతో ఎవరు వాదిస్తారు?

ఉన్నట్టుండి కొత్త ఉపగ్రహం ఓ పక్కకు తిరిగిపోవడం మొదలైంది. దాన్ని అందరూ ముద్దుగా "పిల్ల" అంటారు. పిల్ల ముఖం భూమి వైపు నుంచి పక్కకు తిరిగిపోతే ఇక మాట అందదు. రెండు రెక్కలకూ ఒకే నల్ల పొర వేశారని కాగితాల్లో ఉంది కాబట్టి తోపు సమానంగా ఉండాలి. లెక్క ఎన్నిసార్లు చూసుకున్నా గోరంతకు తప్పు దొరకలేదు.

క్యాంటీన్‌లో ఆమె కంచం కెలుకుతుంటే, అదే ఆఫీసులో ఉపగ్రహాల రెక్కలకు పొరలు అతికించే ఆమె భర్త వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంటే, ముఖం అలా వేలాడేశావు?"

"పిల్ల ఎడమ రెక్క వెనక్కి పోతోందండీ."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎడమదేనా?"

ఆ గొంతు ఆమెకు తెలుసు. పాలు పొంగబెట్టి, ఏమీ ఎరగనట్టు పొయ్యి తుడిచేసిన రోజు గొంతు అది.

"ఏం చేశారు?"

"నల్ల పొర చాల్లేదు. మర్నాడే పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు. మెరిసే పొర కనిపిస్తే అతికించేశా. అందంగానే ఉంది కదా అని..."

"అందమా! నల్లది వెలుగుని మింగేస్తుంది, ఒక్క తోపుతో సరి. మెరిసేది తిప్పికొడుతుంది, దానికి రెండింతలు. నేను తిడితే మీరు ఊరుకుంటే ఒక గొడవ, ఎదురు చెబితే రెండు గొడవలు కాదూ?"

"అది నాకు అనుభవమేలే."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే భయం వేసింది. విరుగుడు సులువే. మెరిసే రెక్కను ఎండకు బాగా ఏటవాలుగా తిప్పితే దాని మీద తోపు తగ్గుతుంది. కానీ కారణం చెప్పనిదే పెద్దసారు రెక్క ముట్టుకోనివ్వడు. చెబితే ఇతని ఉద్యోగం ఊడుతుంది.

"లెక్కలో తేలిందంటాను. మీ ఊసెత్తను."

"నేను అతికించింది లెక్కకేం తెలుసు? పద." చెయ్యి కడుక్కుని అతనే ముందు నడిచాడు.

జరిగింది భర్త చెప్పగానే పెద్దసారు ఒంటికాలి మీద లేచాడు. తిట్లన్నీ అయ్యాక రెక్క తిప్పారు. కుడి రెక్క మీది తోపు మెల్లమెల్లగా గెలిచి, పిల్ల మళ్లీ భూమి వైపు తిరిగింది. అదే రోజు అతన్ని పనిలోంచి తీసేశారు.

గేటు దాటగానే గోరంత భోరుమంది.

"ఏడవకే. పిల్ల మాట్లాడుతోందా?"

"మాట్లాడుతోంది."

"స్పష్టంగానే?"

"స్పష్టంగానే."

"నా చేతులతో చేసిందే అది," అన్నాడతను, తలెత్తి ఆకాశం కేసి చూస్తూ.