తగ్గని మూడో చరణం

భీమవరంలో క్రిస్మస్ పాటలు రికార్డు చేసే ఆరోన్ దగ్గరికి ఏ చర్చి సంఘం వచ్చినా ఒకటే కోరిక: పక్క సంఘం పాటకంటే తమది గట్టిగా వినపడాలి. తిట్టుకుంటూనే సౌండు పెంచేవాడు.

ఈసారి సొంత సంఘం పాట. చర్చిలో ఎప్పుడూ పాడే టీచరు కృపారాణి మూడో చరణాన్ని ప్రార్థనలా, గొంతు బాగా తగ్గించి పాడింది.

"వీధుల్లో తిప్పే ఆటో మైకులో వినపడదు బాబూ, పెంచెయ్," అన్నారు పాస్టరుగారు.

"అన్నీ పెంచితే ఏది తగ్గిందో తెలీదండి," అంటూనే ఆరోన్ ఆ గొంతును డ్రమ్స్‌తో సమానం చేసేశాడు.

క్రిస్మస్ ఆరాధనలో ఆ పాట వేశారు. ఆమె గొంతు తగ్గగానే అందరూ ప్రార్థనకు తలలు వంచడం ఆ చర్చిలో అలవాటు. మూడో చరణం వచ్చింది. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. కృపారాణి ఒక్కతే తల వంచుకుని ఉంది.

ఆరోన్ కూడా ఆమెను చూసేదాకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.