నలభై గ్రాముల నూనె

మా పాపకు మూర్ఛలు మందులకు లొంగకపోతే, కోయంబత్తూరు ఆస్పత్రిలో తిండితోనే వైద్యం మొదలుపెట్టారు. అన్నం దాదాపు లేదు, అన్నిటిలోనూ నూనే. రోజుకు నలభై గ్రాముల కొబ్బరి నూనె, కొలత తప్పకూడదని చీటీలో రాసిచ్చారు. మొదటి వారానికే మూర్ఛలు ఆగినాయి.

ఆ వారం మాత్రం ఆస్పత్రిలో వాళ్ళే తూచి ఇచ్చారు. ఇంటికొచ్చినాక నేను టానిక్ సీసా మూతతో కొలిచినాను. మూతకు పది మిల్లీ, రోజుకు నాలుగు మూతలు.

"తక్కెడ కొనాలేమో అత్తా," అన్నాను.

"లీటరు నీళ్ళు కిలో ఉంటాయి కదా. నూనెకు మాత్రం వేరే లెక్కా?" అనింది మా అత్త. నేను బడికి పోయినదాన్ని కాదు, ఇంట్లోనే చదువుకున్నాను. నాకూ అది సరే అనిపించింది.

మూడు వారాలకు మూర్ఛలు మళ్ళీ వచ్చినాయి. ఒకరోజు నాలుగుసార్లు. పాప నేర్చిన మాటలు కూడా మరిచిపోయింది.

ఆస్పత్రిలో తిండి లెక్క చూసే అమ్మ నా మూతతోనే నాలుగుసార్లు నూనె పోసి తూచింది. ముప్పైఏడు గ్రాములే చూపించింది.

"నూనె నీళ్ళకంటే తేలికమ్మా. అందుకే పైన తేలుతుంది," అని అరవంలో మెల్లగా చెప్పింది. అదొక్కటే కారణం కాకపోవచ్చని కూడా అనింది. నన్ను తిట్టలేదు, ఆమె చల్లగా ఉండాలి.

రోజూ సామి ముందు గాజు దీపంలో నీళ్ళమీద నూనె పోసేది నేనే.

ఇప్పుడు తూచే పోస్తున్నాను. మూర్ఛలు తగ్గినాయి. పాప మరిచిపోయిన మాటలు మాత్రం ఇంకా రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుంది. అందుకు పెరుమాళ్ళుకు దండం పెట్టుకుంటాను.