కారులో పోసిన బజ్జీల నూనె

"నువ్వు సూసినావు కదా వదినా. సెప్పు."

"నాకేం తెలుసప్పా. మొగోళ్ల పనులు మీవి."

మా మరిదికీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. మా ఆయన చనిపోయినప్పుడు అతను వచ్చి, వాకిట్లోనే నిలబడి, శ్మశానంలో అన్న మీద పిడికెడు మట్టి వేసి అటునుంచి అటే వెళ్లిపోయాడట. నేను లోపల ఆడవాళ్ల మధ్య ఉన్నాను. ఇప్పుడు అతనూ లేడు. నేనన్న ఆ ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లుగా నా గుండె మీద తిరగలి రాయిలా కూర్చుంది. దించుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎవరి ముందు దించాలి?

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా మరిది కూతురు. చదువు కోసం ఎమ్మిగనూరు వచ్చి నా దగ్గరే ఉంటోంది. నా మాటల్ని పత్రికల్లో వచ్చేటట్టు సరిచేసి రాస్తానంది. సరేనన్నాను. మనుషులు మాట్లాడింది మాత్రం మాట్లాడినట్టే రాయమన్నాను, పేర్లు వద్దన్నాను. నేనేం చెప్పబోతున్నానో ఈ పిల్లకు ఇంకా తెలియదు. చదివే తల్లీ, నువ్వెవరో నాకు తెలియదు కాబట్టి నీకు చెప్పగలను. ఈ పిల్ల ముఖం చూస్తూ చెప్పలేను. అందుకే గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

మాకొక పాత డీజిలు కారు ఉండేది. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి వాడి వాడి వదిలేసిన నల్ల కారు. మా ఆయన దాన్ని ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బాడుగకు తిప్పేవాడు. ఒక ఏడాది డీజిలు దొరకలేదు. బంకు ముందు డబ్బాలు వరుసగా పెట్టి మనుషులు నీడలో పడుకునేవాళ్లు. మరిది అప్పుడు పెళ్లాం బిడ్డతో మా ఇంట్లోనే ఉంటూ ఆదోనిలో నూనె మిల్లుకు పనికి పోయివచ్చేవాడు. బావుల మీది ఇంజన్లు వేరుశనగ నూనెతో కూడా ఆడతాయని ఎవరో చెప్పగా విని, అన్నను ఒప్పించి, మిల్లు నుంచి ఆ నూనె తెచ్చి డీజిలులో సగానికి సగం కలిపాడు. కారు నడిచింది. నడవడమే కాదు, పొగ కమ్మగా వచ్చేది.

"ఏమప్పా, నీ కారు యెనక సైకిలు తొక్కుతాంటే బజ్జీల అంగడి ముందర నిలబడినట్లుంది" అని ఒకాయన ఎగతాళి చేస్తే, మా ఆయన "ఎక్కి కూర్సో, లోపల బజ్జీకి తోడు బొరుగుల ఉగ్గాని కూడా పెడతా" అన్నాడు. ఇల్లంతా నవ్వు. అన్నదమ్ములు అంత కలిసి ఉన్న రోజులు నేను మళ్లీ చూడలేదు.

ఆ నూనెను సిద్ధం చేసే పని మా ఇంట్లోనే. పెద్ద జాడీలో పోసి కదలకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగుతుంది. పైన తేటను మల్లుగుడ్డ మడతపెట్టి వడగట్టేది మరిదే. నాకూ చెప్పాడు. "తడి తగలగూడదు వదినా, ఉప్పు తగలగూడదు. ఇంజనుకు అజీర్తి సేస్తాది." చెప్పాడా? చెప్పాడు. నేను విన్నానా? ఊఁ అన్నాను. ఊఁ అనడం వినడమేనా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను.

చెప్పకూడదు గానీ, ఆ జాడీని చూస్తే నాకు కడుపు మండేది. పిల్లలు జొన్నరొట్టెను ఉత్త కారప్పొడితో తింటున్నారు. పొడిలో కలపడానికి గరిటెడు నూనె అడిగితే "అది కారుదే" అంటాడు మా ఆయన. తినే నూనెను ఇనుము తాగుతోంది. ఇది న్యాయమేనా అని ఎవరినడగను?

ఒక మధ్యాహ్నం మద్దికెర నుంచి మా పుట్టింటివాళ్లు వచ్చారు. వంటింట్లో నూనె లేదు. జాడీలో తేట నూనె అద్దంలా ఉంది. తీశాను. బాండలి నిండా పోసి మిరపకాయ బజ్జీలు వేశాను. అందరూ తిన్నారు. సాయంత్రం మరిది వచ్చి, నిలబడే తిని, "ఏం సేసినావు వదినా, సెయ్యి ఇట్లియ్యి మొక్కుతా" అన్నాడు. నూనె ఎక్కడిదని అడగలేదు.

బాండలిలో మిగిలిన నూనె నల్లబడింది. జాడీ చూస్తే వెలితిగా ఉంది. ఆ మిగిలినదాన్ని టీ జల్లెడలో వడగట్టి జాడీలో పోసేశాను. అది కనపడకుండా ఉండాలని పోశానా, నూనె ఏదైనా నూనే అనుకుని పోశానా, లేక ఈ ఇనుము కూడా ఒకసారి మా ఎంగిలి తినాలని పోశానా? ఒక్కో రోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది.

మరునాడు ఆదోనిలో రేకు పెట్టెలు చేసే సాయిబుగారి కొడుకు పెళ్లికి కారు కుదిరింది. మా ఆయన పొద్దున్నే జాడీలోది డబ్బాలోకి వంచుకుపోయాడు. వడగట్టిందే అనుకున్నాడు. నేను పొయ్యి దగ్గర ఉండి చూస్తూనే ఉన్నాను. ఆగమని ఒక్క మాట అనలేదు.

పెళ్లికొడుకును ఎక్కించుకుని వస్తుంటే దారి మధ్యలో కారు దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎండ. మా ఆయన ఓపిక పట్టలేక ఫిల్టరు తీసేసి నడపాలని చూశాడు. ఇంజనుకు నూనె అందించే పంపు బిగుసుకుపోయింది. పెళ్లికొడుకు ముఖం మీద వేలాడే పూల సెహరాతోనే పత్తి లారీ ఎక్కి పోయాడు. దిగేసరికి పూలకు దూది అంటుకుని ముసలాడిలా ఉన్నాడని ఊరు ఊరంతా నవ్వింది. మా ఆయన మాత్రం కారును ఎద్దులతో లాగించుకుని, తల ఎత్తకుండా ఇంటికి వచ్చాడు.

ఇంజన్ల మేస్త్రీ మా వాకిట్లోనే కారు విప్పి చూశాడు. మా ఆయన తీసి పెట్టిన ఫిల్టరు నిండా పసుప్పచ్చని ముద్ద. దాన్ని తీసి గుడ్డ మీద పెట్టాడు. అందులో ఒక వాము గింజ ఉంది. నేను చూశాను. శనగపిండిలో నేను నలిపి వేసిన వాము.

"మంచి నూనె అమ్ముకొని మిల్లులో కసువు తెచ్చి పోసినావు కదరా" అన్నాడు మా ఆయన తమ్ముడితో.

మరిది వంగి ఆ ముద్దను వేలితో తీసి వాసన చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అప్పుడే అన్నాడు, నువ్వు సూసినావు కదా వదినా అని. నేను ఇచ్చిన జవాబు పైన రాయించాను.

అతనికి తెలిసిందా? తెలిసి ఉంటే అన్నకు ఎందుకు చెప్పలేదు? నా నోటితోనే రావాలని కాచుకున్నాడా? తెలియక, తాను వడగట్టేది నేను రోజూ చూశానని సాక్ష్యం అడిగాడా? ఇన్నేళ్లు తిరగేసి మరగేసి చూసినా నాకు తేలలేదు. ఏ నూనె పోసినా ఆ పాత ఇంజను అప్పుడో ఇప్పుడో పోయేదేనని మేస్త్రీ అన్నాడు. ఫిల్టరు తీయకపోతే పంపు బతికేదని కూడా అన్నాడు. ఆ మాటలు పట్టుకుని కొన్నేళ్లు గడిపాను. కానీ కారు ఎందుకు చచ్చిందనేది కాదు కదా నా బరువు. మనిషి నన్ను అడిగాడు. నాకు తెలుసు. తెలియదన్నాను.

ఆ సాయంత్రమే మరిది పెళ్లాన్నీ చంకలో బిడ్డనూ తీసుకుని సిరుగుప్ప వైపు బస్సెక్కాడు. కారు వాకిట్లో తుప్పు పట్టింది, కోళ్లు అందులో గుడ్లు పెట్టేవి. మా ఆయన దాన్ని చూసినప్పుడల్లా "నా తమ్ముడే నన్ను ముంచినాడు" అనేవాడు. అలా అనుకుంటూనే పోయాడు. ఆయన మంచంలో ఉన్నప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. గంజి తాగించాను.

మొన్న ఈ పిల్ల సంచీ దించి, కాళ్లు కడుక్కుని, మొట్టమొదట అడిగింది ఇదే. "పెద్దమ్మా, నువ్వు బజ్జీలు బాగ సేస్తావంట కదా. నాయన ఎప్పుడూ సెప్తాండె."

ఎప్పుడూ చెప్పేవాడట. నవ్వుతూనా? కోపంతోనా? క్షమించి చెప్పాడా, ఏమీ తెలియక తిన్న రుచి తలుచుకుని చెప్పాడా? ఈ పిల్లను అడిగితే "ఊరికే సెప్తాండె" అంది.  నేను మాత్రం ఇంతవరకూ బజ్జీలు చేయలేదు.

అమ్మా, పెన్ను చప్పుడు వినపడటం లేదు. ఆ చంకలో ఉన్న బిడ్డవు నువ్వే. మీ నాయన కల్తీ చేయలేదు. అది రాయి. రాశావా? నువ్వు ఏడుస్తున్నావో, కోపంగా ఉన్నావో నాకు కనపడదు, నేను గోడనే చూస్తున్నాను. క్షమించమని నిన్ను అడగను. అది నువ్వు ఇవ్వాల్సింది కాదు. రేపు నువ్వు సంచీ సర్దుకున్నా ఆపను. ఒక్కటి మాత్రం, ఇప్పుడు ఊపిరి కొంచెం కిందిదాకా పోతోంది.

ఇంక రాసిందంతా నాకు చదివి వినిపించు. మొదటి నుంచి చదువు. మీ నాయన అడిగిన దగ్గర తొందరపడకు. నా జవాబు దగ్గర ఆగకు. ఆ మాట ఇంకొకరి నోట ఎట్లా ఉంటుందో నేను ఎప్పుడూ వినలేదు.