జెద్దాల మా బావ తిరిగిన తొమ్మిది దినాలు

మా ఊర్ల ఎవలికన్న గాలి సోకిందంటే ముందుగాల నవ్వెటోణ్ణి నేనే. కరెంటు పని జేసెటోణ్ణి. తీగల కరెంటు ఉన్నదా లేదా టెస్టర్ వెట్టి చూసినంకనే ముడుత. ఇయ్యాల గూడ దయ్యాలున్నయని నేను చెప్పను. జెద్దాల నాకు జరిగింది జరిగినట్టు చెప్త. మీరేమనుకుంటరో మీ ఇష్టం.

మాది జగిత్యాల దిక్కు. సౌదీకి ముందు నేను పోయిన. కొన్నేండ్లకు మా అక్క మొగణ్ణి, పోశెట్టి బావను, మా కంపెనీలకే పిలిపిచ్చుకున్న. ఊర్ల తాపీ పని జేసెటోడు, అక్కడ గూడ అదే పని. నాకంటె పన్నెండేండ్లు పెద్ద. పొడుగు మనిషి, సన్నగ, జర వంగి నడుస్తడు. తలకు ఎప్పుడు ఎర్రంచు తువ్వాల చుట్టుకుంటడు. నవ్వితే ముందటి పన్ను లేని సందు కనవడుతది.

జెద్దాల మూడేండ్లున్నడు గని బావ జెద్దా చూడలే. మా క్యాంపు ఊరి బయట ఎడారిల ఉండె. తెల్లారంగ బస్సు సైటుకాడ దించేది, పొద్దుగూకంగ మల్ల తెచ్చి క్యాంపుల దించేది. శుక్రారం బట్టలు ఉతుక్కునుడు, పండుకునుడు. "గింత దగ్గర సముద్రముందట గదరా శంకరూ, ఒక్కసారి తోల్కపోరాదు" అని చాన సార్లు అడిగిండు. "యాడికి పోతది బావా, పోదాం తియ్" అంటుంటి.

అప్పుడే నితాఖత్ కానూన్ జోరు మీదుండె. సౌదీ మనుషులను ఇంతమందిని పనిల వెట్టుకోవాలె, లేకుంటే సర్కారు లిస్టుల కంపెనీ రెడ్‌ల వడుతది. దానికి తోడు మనిషికింత అని సర్కారుకు లెవీ కట్టాలె. మా కంపెనీ రెడ్‌ల వడ్డది. రెడ్‌ల వడ్డ కంపెనీ ఇఖామాలు, సౌదీల ఉండనిచ్చే కార్డులు, రెన్యూవల్ చెయ్యలేదు. కొన్ని నెలలకు ఆఫీసుకు తాళం వడ్డది. మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఫోన్ ఎత్తుడు బందువెట్టిండు. మా ఇద్దరి ఇఖామాలు ఒక్క వారంలనే అయిపోయినయి.

క్యాంపు ఖాళీ చెయ్యుమన్నరు. నేను జెద్దాలనే తెలిసినోళ్ల రూంల తల దాచుకున్న. బావను తాయిఫ్ దగ్గర ఒక దానిమ్మ తోటల పనికి పంపిన. పంపింది నేనే. అక్కడ చల్లగుంటది, తఫ్తీష్, కాయిదాల తనిఖీ, తక్కువ, పోలీసులు తోటల దాక రారు అని నేనే నచ్చజెప్పిన.

ఒక మంగళారం బావ ఫోన్ జేసిండు. "తోట మాలిక్ కూరగాయల బండి జెద్దాకు వస్తదట. శుక్రారం దాంట్ల నేను వస్తరా. ఇగ ఇంటికి పోయేదే గదా, ఊరు జర చూసి పోత" అన్నడు.

అప్పుడు రోడ్ల మీద తఫ్తీష్ మస్తుగుండె. ఇఖామా లేనోడు దొరికితే సీదా జైలే. నాకు భయమైంది. భయంతోని కోపం వచ్చింది. "చిన్నపిల్లగానివా బావా? సముద్రం చూడకుంటె పానం పోతదా? రాకు" అన్న.

బావ, "సరేరా, మంచిది" అని పెట్టేసిండు.

గురువారం పగటీలి, తోటల మోటరు షెడ్డు కాడ కూలవడ్డడట. గుండె అన్నరు. బావతోని పనిచేసే రఫీక్ అనే బంగ్లాదేశాయన నాకు ఫోన్ జేసి చెప్పిండు. నేను తాయిఫ్ పోలేకపోయిన. ఘాటు రోడ్డు మీద చెక్‌పోస్టులున్నయి. మనోళ్లు కొందరు పుణ్యాత్ములు దవాఖాన చుట్టు, ఆఫీసుల చుట్టు తిరిగితె నెలన్నరకు బావ పెట్టెల ఇంటికి పోయిండు. పెట్టె ఎంబడి నేను పోలే. దేశం ఇడిచి పోనిచ్చే నా ఖురూజ్ కాయిదం ఇంక రాలే. మా అక్క ఒక్కతే ఎయిర్‌పోర్టుకు పోయి తెచ్చుకున్నది.

పెట్టె పోయిన తరువాతి వారం రఫీక్ అదే కూరగాయల బండిల బావ బ్యాగు పంపిండు. వీపుకు తగిలిచ్చుకునే నీలం బ్యాగు. దాని మీద ఎయిర్‌పోర్టుల మారకుండ మార్కర్‌తోని బావ పేరు, ఊరు రాసి ఉండె. ఈ ముచ్చట ఎందుకు చెప్తున్ననో తరువాత తెలుస్తది.

అప్పుడే సర్కారు, కాయిదాలు లేనోళ్లు ఫైన్ లేకుంట ఇంటికి పోవచ్చని టైం ఇచ్చింది. నేను గూడ దరఖాస్తు వెట్టుకున్న. నా రూంల మాత్రం పగటీలి ఉండనిస్తలేరు. "పొద్దంత యాడన్న తిరిగి పొద్దుగూకినంక రా అన్నా, బిల్డింగ్ కాపలాదారు అడుగుతున్నడు" అన్నరు. నా బట్టలు గూడ బావ బ్యాగులనే వెట్టుకొని, అదే వీపుకు తగిలిచ్చుకొని ఊరు మీద వడ్డ. బాగ మంది ఉన్నకాడనే ఎవలు పట్టిచ్చుకోరు. గందుకే బలద్‌ల, పాత బజార్ల తిరిగేది.

బలద్ అంటే జెద్దాల మస్తు రద్దీ జాగ. కట్టెల కిటికీల పాత మేడలు, వాటి కింద అత్తరు దుకాండ్లు, ఖర్జూర రాశులు. ఉమ్రాకు వచ్చిన ఇందోనేసియా ఆడోళ్లు ఒక్క తీరు బట్టలేసుకొని మంద మంద తిరుగుతుంటరు. యెమనీ హమాలీలు "తరీఖ్, తరీఖ్" అని దారి అడుగుకుంట బండ్లు తోలుకపోతరు. ఎండకు ఒంటి మీద అంగి కాలి అతుక్కుంటది. ఏండ్లకెల్లి ఉన్న ఊరే గని నాకు గూడ కొత్తగుండె.

మొదటి దినం ఒక గల్లీల ఇందోనేసియా అవ్వ కాడ చాయ్ అడిగిన. డబ్బా మీద కెటిల్ వెట్టుకొని కూసుంటది. రెండు గ్లాసులు వోసింది. ఒకదాంట్ల చక్కెర ఏసింది, ఇంకోదాంట్ల ఏయలే.

"అవ్వా, ఒక్కటే" అని వేలు చూపిన.

ఆమె నా పక్కకు చూసి, "సాదిక్. సుక్కర్ లా" అన్నది. నీ దోస్తుకు, చక్కెర వద్దన్నడు అని.

ముసల్ది, ఎండకు ఎవలనో చూసి ఎవలో అనుకున్నది అనుకున్న. గని చక్కెర మాట మాత్రం మనసుల వడ్డది. బావకు షుగరుండె. చాయ్‌ల చక్కెర ముట్టకపోయేది.

రెండో దినం చిన్న బస్సెక్కిన. కిక్కిరిసి ఉన్నది, మంది నిలవడ్డరు. నా పక్క సీటు ఖాళీగున్నది. ఎవలు కూసుంటలేరు. ఒక పఠాన్ పెద్దమనిషి కూసుందామని వంగి, మల్ల "మాఫ్ కర్నా భాయ్" అని లేచిండు. నాతోని అనలే, సీటు దిక్కు చూసి అన్నడు. దిగేటప్పుడు పాకిస్తాన్ డ్రైవర్ నన్ను పిలిచి, "నీ పెద్దాయనకు ఎండ తాకుతున్నది, ఇటు దిక్కు కూసోవెట్టకపోయినవా" అని హిందీల అన్నడు. ఏ పెద్దాయన అని అడిగేలోపల ఎనకకెల్లి హారన్లు గొట్టిండ్రు. బస్సు పోయింది.

ఆ దినం నేను బాగ ఎండల తిరిగిన, నీళ్లు గూడ తాగలే. ఎవలో నా ఎనక నిలవడి ఉంటరు, ఆయనను నా మనిషి అనుకున్నరు అని సర్దిచెప్పుకున్న.

నాలుగో దినం మలయాళీ హోటల్ల రెండు విస్తర్లేసిండ్రు. నేను ఒక్కణ్ణే అంటె, అన్నం వడ్డించేటాయన నల్లా దిక్కు చూసిండు, "చేతులు కడుగుతున్నడు గదా" అన్నడు. నేను లేచి నల్లా కాడికి పోయిన. ఎవలు లేరు. నల్లా ఇప్పి ఉన్నది, నీళ్లు పోతున్నయి. బంద్ జేసి వచ్చిన. 

ఎనిమిదో దినం మన కాన్సులేట్ కాడికి పోయిన. కాయిదాల కోసం గేటు బయట పెద్ద లైను. మనోళ్లకు సాయం జేస్తందుకు వచ్చిన ఒక కరీంనగర్ అన్న లైను ఎంబడి పేర్లు రాసుకుంట వచ్చి నన్ను అడిగి రాసుకున్నడు. గంట తరువాత లిస్టు సదివిండు. నా పేరు పిలిచి, దాని ఎనకనే "పోశెట్టి" అన్నడు.

పోయి అడిగిన. "అన్నా, పోశెట్టి ఎవలు?"

"నీ ఎనక నిలవడ్డాయన. నీ మనిషే గదా? పేరేందే అంటె పోశెట్టి అన్నడు. ఊరడిగితె నీ దిక్కు చూపిచ్చి, మా బామ్మర్ది చెప్తడన్నడు" అన్నడు.

ఫోన్ల బావ ఫోటో తీసి చూపిచ్చిన.

"గీయననే. గీ తువ్వాలనే" అన్నడు.

బ్యాగు మీది పేరు సదివి ఉంటడు అని మీరంటరు. నేను గూడ అదే అనుకుందామని చూసిన. సదివే ఉండచ్చు. గని బామ్మర్ది అని బ్యాగు మీద రాసి లేదు. తువ్వాల రంగు రాసి లేదు.

ఆ పేరు కొట్టెయ్యున్రి, ఆయన ముందే ఇంటికి పోయిండు అన్న. పక్కకు పోయి గోడకు ఒరిగి ఏడ్చిన. బావ పోయినప్పుడు గూడ అంత ఏడ్వలే. అప్పుడు ఏడిస్తె ఎవలన్న అడుగుతరు, పట్టిస్తరని భయముండె.

మర్నాడు, తొమ్మిదో దినం, మధ్యాహ్నం నమాజు అయినంక సముద్రం ఒడ్డుకు, కార్నిష్‌కు బస్సెక్కిన. ఈసారి నీడ దిక్కుకు పోయి, కిటికీ సీటు బావకు ఇడిచిపెట్టి పక్కన కూసున్న. నాకే సిగ్గనిపిచ్చింది గని కూసున్న.

సముద్రం కాడ గాలి వేడిగనే ఉన్నది. కుటుంబాలు చాపలేసుకొని కూసున్నరు. నేను రాళ్ల మీద కూసోని, బ్యాగు పక్కకు వెట్టి, ఎవలు ఇన్నా సరే అని నోరిడిచి చెప్పిన. "బావా, ఇగో సముద్రం. నిన్ను రాకు అన్నది తప్పే. నాకు భయమై అన్న."

ఏమీ కాలే. అలలు వస్తున్నయి, పోతున్నయి. నేను ఏడుస్తనే ఉన్న.

జర దూరంల ఒక మిస్రీ, ఈజిప్టు ఆయన, గాలమేసుకొని కూసున్నడు. లేచి వచ్చి నీళ్ల సీసా ఇచ్చిండు. అరబ్బీల నెమ్మదిగ, నాకు సమజయ్యేటట్టు అన్నడు. "ఎందుకు ఏడుస్తున్నవు? చూడు, నీ దోస్తు నవ్వుతున్నడు."

"యాడ?"

నీళ్ల దిక్కు చూపిచ్చిండు. నాకు నీళ్లే కనవడ్డయి. చెప్పులిడిచి, పాయింటు మోకాళ్ల దాక మడిచి దిగిన. ఎనకకు తిరిగి ఆయన దిక్కు చూసిన. కుడిదిక్కు అని చెయ్యి ఊపిండు. నేను కుడిదిక్కు జరిగిన. "ఆఁ, పక్కనే" అన్నట్టు తల ఊపి, పోయి మల్ల గాలం కాడ కూసున్నడు. ఎగతాళి చేసే మనిషి తీరు లేడు.

నేను చెయ్యి చాపిన. గాలే. వేడి గాలి. చానసేపు అట్లనే నిలవడ్డ.

పదో దినం పొద్దుగాల అవ్వ కాడికి పోయిన. ఒక్క గ్లాసే వోసింది, చక్కెర ఏసి. నా పక్కకు చూసి, "సాదిక్ సాఫర్?" అన్నది. నీ దోస్తు ఊరికి పోయిండా అని.

"సాఫర్" అన్న.

ఆమె అల్‌హమ్దులిల్లా అని నా భుజం మీద తట్టింది. ఆ తరువాత ఎవలు నాకు రెండు గ్లాసులు వోయలే. బస్సుల పక్క సీట్ల మంది కూసున్నరు. ఇంకో పది దినాలకు ఖురూజ్ వచ్చింది, ఇంటికి వచ్చిన.

ఎవలికీ చెప్పొద్దనుకున్న. అక్కకు మాత్రం చెప్పిన. ఆమె బావ బ్యాగు ఒళ్లె వెట్టుకొని అంత ఇన్నది, ఏడ్వలే.

"నీళ్లల్ల దిగిండా?" అన్నది.

"దిగిండట అక్కా."

"నవ్విండా?"

"నవ్విండట."

"మరి నీతోనేమన్నడు తమ్మీ?" అన్నది.

నాతోని ఏమనలే. తొమ్మిది దినాలు ముక్కూ మొఖం తెల్వనోళ్లందరికి కనవడ్డడు, కొందరితోని మాట్లాడిండు. ఆయన పక్కన ఉన్నది నేను, నాకొక్కనికే కనవడలే. కోపమే ఉంటె నా ఎంబడి ఎందుకు తిరిగిండు? కోపం లేకుంటె నాకెందుకు కనవడకపాయె?

అక్క మల్ల అడగలే. నేను మాత్రం ఇయ్యాల్టి దాక నన్ను నేను అడుగుతనే ఉన్న.