వంశం చెప్పేవాణ్ణి వద్దన్న ఇల్లు

మా తాత చేసిన పనికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బాప్తిస్మం పుచ్చుకున్న కొత్తలో, కిన్నెర పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చిన వంశం చెప్పేవాణ్ణి ఆయన గుప్పెడు గింజలు కూడా పెట్టకుండా పంపేశాడట. "మాది ఏసుప్రభువు వంశంరా, నీ పాట మాకెందుకు?" అన్నాడట. ప్రభువును కొలవడానికి ముత్తాతల పేర్లు అడ్డమొచ్చాయా? అడుగుదామంటే నేను పుట్టేసరికే ఆయన లేడు.

మా వాడలో ఎవరికీ భూమి లేదు, చదువు లేదు. ఎవరు ఎవరికి పుట్టారో ఏ కాగితంలోనూ ఉండేది కాదు. ఆ పేర్లన్నీ వంశం చెప్పే ఆ ఒక్క కుటుంబం నోట్లోనే ఉండేవి. కోతలయ్యాక వాళ్ళు వచ్చి, ఇంటింటి ముందూ కూర్చుని, అందరికన్నా పైతరం నుంచి మొదలుపెట్టి ఉయ్యాల్లో పసిబిడ్డ దాకా పాడి, పెట్టిన ధాన్యం పట్టుకుపోయేవాళ్ళు.

ఎనభైల మధ్యలో మా నాయనకు ఊపిరి అందకుండా పోయింది. చిన్నప్పటి నుంచీ మాచర్ల పక్క నాపరాళ్ళ గనుల్లో పీల్చిన దుమ్ము అది. నరసరావుపేట డాక్టరు ఎక్స్‌రే చూసి మందులు రాశాడు గానీ నా మొహం మాత్రం చూడలేదు. అప్పటికి నేను క్రోసూరు దగ్గర బళ్ళో టీచరుని. సెలవు పెట్టి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. ఏం తినాలనుంది నాయనా అంటే ఆయన అడిగింది ఒకటే.

"మనల్ని ఈ రాళ్ళలోకి తెచ్చిన పెద్దాయన పేరేందే అమ్మా?"

ఎన్నో తరాల కిందట డొక్కల కరువులో ఎవరో ఒకాయన, ఆలినీ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని ఎక్కడి నుంచో నడిచొచ్చి ఇక్కడ సుత్తి పట్టాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. అంతకుమించి తెలియదు. నాయనకు వాళ్ళ తాత పేరు వరకే వచ్చు. ఢిల్లీ సుల్తానుల వరుస పిల్లల చేత వల్లె వేయించే దాన్ని, మా పెద్దాయన పేరు మాత్రం నాకు రాదు.

"ఇప్పుడెందుకు నాయనా అయ్యన్నీ?"

"పోయినాక ఎవురి పక్కన కూర్చోవాలో తెలవద్దా?"

పాస్టరు గారిని అడిగాను. చర్చి రిజిస్టరులో మా ఇల్లు తాత బాప్తిస్మంతోనే మొదలైందన్నారు. ఇక మిగిలింది ఆ కిన్నెర కుటుంబమే.

కోతలయ్యాక వాళ్ళు వచ్చారు. తాత పంపేసిన ముసలాయన పోయాడట, కొడుకొచ్చాడు. పక్కింటి అరుగు మీద కూర్చుని ఆ ఇంటివాళ్ళ ఏడు తరాలూ పాడుతుంటే నాయన మంచం బయట వేయించుకుని విన్నాడు. మధ్యలో మావాళ్ళెవరన్నా కలుస్తారేమోనని ఆయన ఆశ. ఎవరూ కలవలేదు. పాట అయ్యాక అతన్ని నేనే మా ఇంటికి పిలుచుకొచ్చాను. చేటలో బియ్యం, పైన కొత్త పంచె పెట్టాను. అతను చేట వంక చూసి వెనక్కి జరిగాడు.

"మీ ఇల్లు మా నాయన నాకు నేర్పలేదక్కా. వద్దన్న ఇంటి పెద్దల్ని నోట పలకగూడదని మా కట్టుబాటు."

"మీ నాయనకు తెలుసు గదా?"

"తెలుసు. ఎవురికీ చెప్పకుండానే పోయాడు."

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీద చూపించను? తాతా ఆ ముసలాయనా ఇద్దరూ మట్టిలో ఉన్నారు. "మా పేర్లు దాచుకోడానికి మీరెవరయ్యా?" అని అతని మీదే అరిచాను. పాపం, అతనేం చేస్తాడు.

నాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. దగ్గు తెరిపిచ్చాక మెల్లగా అన్నాడు.

"ఏదో ఒక పేరు పెట్టి పాడు నాయనా."

"అబద్ధమైద్ది పెదనాయనా."

"కానీలే. పాడు."

అతను నా వంక చూశాడు. చేట అతని ముందుకు జరిపాను. కిన్నెర సవరించుకుని, కాసేపు కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. కరువు పాడాడు. పెద్దాయనకు ఒక పేరు పెట్టి, ఆలుబిడ్డలతో కృష్ణ దాటించాడు. తరం తరం దిగొచ్చి, నాయన వాళ్ళ తాత దగ్గర అసలు పేరు కలిపాడు. ఒక్క మెతుకు మింగడానికే ఆయాసపడే మనిషి, పాట అయ్యేదాకా చేతులు జోడించి నిటారుగా కూర్చున్నాడు. నేను ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

ఆ తరవాత నాయన ఎక్కువ కాలం లేడు. మాట పడిపోయే ముందు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఆ పేరు మర్చిపోయానే. చెప్పు."

నాకూ గుర్తు లేదు. పాడినంతసేపూ నాయన మొహం చూశానే గానీ పేరు చెవిన పడలేదు. కిన్నెర అతను ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. నాయన కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. ఆయన చెవి దగ్గర వంగి, నోటికొచ్చిన పేరొకటి చెప్పాను.

"ఆఁ, ఆయనే" అన్నాడు నాయన.