లిన్ ఒప్పుకోని రాయి

ఒక మనిషి మాటకున్న విలువ పోగొట్టాను. చాలా ఏళ్లయింది. ఇంట్లో వాళ్లు మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. మోసీ మోసీ విసుగొచ్చి ఇవాళ మీకు చెబుతున్నాను. జాలి పడక్కర్లేదు, తీర్పు చెప్పక్కర్లేదు. మధ్యలో లేచిపోకుండా వింటే చాలు.

మా బావకి, అంటే అక్క మొగుడికి, టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీ ఉంది. నీలం రాయి. దిమ్మలు ఓడెక్కి చైనా వెళతాయి, అక్కడ పలకలుగా కోస్తారు. ఎం.కాం. చదివిన నేను ఆ ఆఫీసులో చేరాను. చదువుకున్న మరదలు కాబట్టి ఇంగ్లీషు ఉత్తరాలు రాస్తుంది, వచ్చినవాళ్లకి టీ పంపిస్తుంది. అంతవరకే నా లెక్క. నాకు ఒళ్లు మండేది. చైనా వాళ్లతో బేరం మొదలవగానే వాళ్ల వ్యాపార పద్ధతుల మీద దొరికిందల్లా చదివాను. పెద్దవాడి ముందు చిన్నవాడు ఎదురాడకూడదని వాళ్ల పాత గురువులు నేర్పినది ఇప్పటికీ కంపెనీ మీటింగుల్లో నడుస్తుందట. నలుగురిలో ఎవరి ముఖమూ చిన్నబోనివ్వరట. వద్దు అనాల్సిన చోట ‘ఆలోచిద్దాం’ అంటారట. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. కొత్తవాళ్లతో వ్యాపారం కలవాలంటే మధ్యలో ఒకడు నిలబడి, వీళ్లు మంచివాళ్లు, నాది పూచీ అనాలి. కాగితాలు ఆ తర్వాతే. ఆ పూచీ వమ్మైతే సరుకు ఒక్కటే పోదు, పూచీ పడ్డ మనిషి కూడా పోతాడు.

మాకోసం అలా నిలబడ్డవాడు లిన్. ఒక చైనా కంపెనీకి రాళ్లు ఎంచిపెట్టేవాడు. నెమ్మదస్తుడు. మా వాచ్‌మన్‌కి కూడా తన కార్డు రెండు చేతులతో ఇచ్చేవాడు. తన యజమానికి, బాగా ముసలాయనకి, ఎంతో నచ్చజెప్పి మా క్వారీకి తీసుకొచ్చాడు.

ఆ రోజు లిన్ ఒక్కో దిమ్మ మీదా నీళ్లు పోయించి, ఆరేదాకా చూస్తూ నిలబడ్డాడు. రాయిలో పగులుంటే ఆ గీత దగ్గర తడి అన్నిటికన్నా ఆఖర్న ఆరుతుంది. అన్నిట్లోకీ పెద్ద దిమ్మ మీద వెంట్రుకంత గీత మిగిలింది. లిన్ చూశాడు. నేనూ చూశాను. ముసలాయనకి వినపడకుండా, “మేడమ్, ఇది తర్వాత ఆలోచిద్దాం,” అన్నాడు. నా పరువు కాపాడటానికే అంత మెల్లగా అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు.

బావ పరిగెత్తుకొచ్చాడు.

“ఏటే, ఏటంతన్నాడు?”

“తర్వాత సూద్దాం అంతన్నాడు.”

“అంటే?”

“వద్దని.”

“మరెలాగే? ఆ రాయి లేపోతే లోడంతా ఒగ్గేస్తారు.”

“ఒగ్గరు బావా. అన్నాల దగ్గర ముసలాయన ముందు అడుగుతాను. లిన్ కాదనలేడు.”

“ఆడు మంచోడే. పాపం కదేటి?”

“నీకు క్వారీ కావాలా, ఆడి మంచితనం కావాలా?”

ఆ మాట మా బావది కాదు, నాదే. గుర్తుపెట్టుకోండి.

షామియానా కింద చేపల పులుసు వడ్డిస్తుండగా లేచి నిలబడ్డాను. కూల్‌డ్రింకు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, దాని అంచు ముసలాయన గ్లాసు అంచుకి కిందుగా ఉంచి, వాళ్ల మర్యాద ప్రకారమే, నవ్వుతూ చెప్పాను. లిన్ గారు మా రాళ్లన్నీ స్వయంగా పరీక్షించి మెచ్చుకున్నారు, ఆ పెద్ద దిమ్మతో సహా, అన్నాను. ముసలాయన లిన్ వైపు గర్వంగా చూశాడు. లిన్ నా వైపు చూశాడు. ఏం చెయ్యగలడు? ఈవిడ అబద్ధమాడుతోంది అంటే, అబద్ధాలకోరులకి పూచీ పడ్డానని యజమాని ముందు ఒప్పుకున్నట్టే. గ్లాసెత్తి తాగేశాడు. బావ చప్పట్లు కొట్టాడు.

దిమ్మ వాళ్ల ఫ్యాక్టరీలో రంపం కింద రెండుగా విడిపోయింది. ముసలాయన ఫోన్ చేశాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. “లిన్ గారే కదండీ చూసి ఒప్పుకున్నారు,” అన్నాను. తప్పంతా లిన్ మీద పడింది కాబట్టి మా దగ్గర కొనడం మాత్రం వాళ్లు మానలేదు. లిన్ రావడం మానేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు, అనలేదు. అతని బదులు వచ్చిన మనిషిని అడిగితే, లిన్ ఇప్పుడు రాళ్ల వ్యాపారంలో లేడని, అతని పూచీ ఎవరూ తీసుకోరని చెప్పి, టీలో పంచదార ఎక్కువైందన్నాడు.

వ్యాపారమన్నాక ఇవన్నీ మామూలే అంటారు మీరు. చైనా వాళ్లేమన్నా తక్కువ తిన్నారా అని కూడా అంటారు. అనండి. ఆ మాటలు నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను, నాకే రుచించలేదు. పోనీ మొహమాటపెట్టాను, అంతే కదా, పెళ్లి పంక్తిలో వద్దంటున్నా ఇంకో గరిటె వేస్తాం కదా, అని కూడా సర్దిచెప్పుకున్నాను. కానీ విస్తరి ఎత్తేస్తే మన మొహమాటం తీరిపోతుంది. లిన్ మాకోసం పణంగా పెట్టింది జన్మంతా కూడబెట్టిన నమ్మకం. ఆ తేడా తెలియక చేశానా? తెలియని బావ పాపం అన్నాడు. తెలిసిన నేను అనలేదు. చదివిన చదువంతా ఆ మనిషికి ఎక్కడ గట్టిగా తగులుతుందో వెతకడానికే వాడాను. ఆ పూట మా వాళ్లంతా నన్ను చూసి ఔరా అనుకోవాలి, అంతే కావలసింది. అనుకున్నారు కూడా. ఆ వారమే నాకు ఆఫీసులో వేరే గది ఇచ్చారు. సంతోషించాను. ఇప్పుడు కాదంటే అది ఇంకో అబద్ధం.

ఇంకా సిగ్గుమాలిన సంగతి. విజయనగరంలో ఎం.బి.ఏ. పిల్లలకి చైనా వ్యాపార సంస్కృతి మీద ఉపన్యాసాలకి నన్ను పిలుస్తారు. ఈ కథే చెబుతాను, గెలిచిన కథగా. లిన్ పేరుండదు, పగులుండదు. ఎదుటివాళ్ల ఆచారం అర్థం చేసుకుంటే బేరం మీదే అంటాను. పిల్లలు రాసుకుంటారు.

క్షమాపణ అడుగుదామంటే ముసలాయన పోయాడు. లిన్ ఎక్కడున్నాడో తెలీదు. తెలిసినా, నన్ను క్షమించమని అడిగి ఆయన్ని మళ్లీ మర్యాదకి కట్టిపడెయ్యను. కాదనడం రాని మనిషిని ఒకసారి వాడుకున్నది చాలు. ఈసారి కాలేజీ వాళ్లు పిలిస్తే మొత్తం చెబుతాను. ఆ తర్వాత పిలవడం మానేస్తే మానేస్తారు. బావకి కోపమొస్తే రానీ.

లిన్ ఆ రాయి వద్దన్నాడు. నాకు వినపడింది. ఒప్పుకున్నాడని నలుగురిలో చెప్పింది నేను. ఇంతకాలానికి దీన్ని ఉన్నదున్నట్టు చెప్పాను. గుండెల మీద బరువు కాస్త కదిలింది.