ఇస్సాక్ మామూ విప్పిన చెవి మిషను ధర

ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగించే ఇస్సాక్‌కి ఈ లోకంలో పడనిది ఒక్కటే: ఒక వస్తువుకు ఒకే ధర చెప్పడం. "మొత్తం ఇంత" అని ఎవరన్నా అంటే చాలు, ఆయనకు ఒళ్లు మండుకొస్తుంది. "మొత్తం సంగతి తర్వాత. ముందు విడగొట్టి చెప్పండి" అంటాడు. విడగొట్టి చెప్పేదాకా జేబులో చెయ్యి పెట్టడు, అక్కణ్ణుంచి కదలడు, అవతలివాణ్ణి కదలనివ్వడు.

టీ కొట్టువాడు టీ పన్నెండు రూపాయలంటే, "పాలెంత, పొడెంత, పంచదారెంత?" అని అడుగుతాడు. "నాకు షుగరు. పంచదార ముక్క తీసెయ్" అంటాడు. మొదట్లో ఆ కొట్టువాడు దణ్ణం పెట్టేవాడు. ఇప్పుడు ఆయన స్కూటరు మలుపు తిరగ్గానే గొంతెత్తి, "పాలు ఆరు, పొడి రెండు, గ్యాసు రెండు, నేను నిలబడ్డందుకు రెండు!" అని అప్పజెప్పేస్తాడు. అలా అప్పజెప్పించుకున్న టీని ఇస్సాక్ ఎంతో తృప్తిగా తాగుతాడు.

ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఫీజు ఐదువందలన్నారు. "నాలిక చూసినందుకెంత, మందు రాసినందుకెంత? నాలిక నేను పొద్దున్నే అద్దంలో చూసుకునే వచ్చానండీ, తెల్లగానే ఉంది" అన్నాడు. ఆ డాక్టరు నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, నాలిక ముక్క తీసేసి నాలుగువందలే తీసుకున్నాడట.

పోనీ ఇదంతా ఎదుటివాళ్ల దగ్గరేనా అంటే, కాదు. తన బిల్లు కూడా అలాగే రాస్తాడు. పామర్రులో బియ్యం మిల్లున్న వెంకటకృష్ణారావుగారు లారీ బాగుచేయించుకుంటే నాలుగు పేజీల బిల్లు చేతికొచ్చింది. 'బోల్టు విప్పినది, పది రూపాయలు. అదే బోల్టు బిగించినది, పది రూపాయలు. అదే బోల్టు కింద పడితే వెతికినది, ఉచితం.' ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఇస్సాకూ, మా తాతగారి ఆస్తి పంపకాల కాగితాలు కూడా ఇంత లేవయ్యా" అన్నాడు. అన్నాడే గాని, లారీని మరొకడి దగ్గరికి ఏనాడూ తీసుకెళ్లలేదు.

ఈ ఇస్సాక్‌కి ఒకే ఒక మేనకోడలు, తబస్సుం. ఆమెకు మామూ అంటే ప్రాణం, మామూతో బజారుకెళ్లడమంటే ప్రాణసంకటం. దానికి తగిన కారణముంది. ఆమె పెళ్లికి హాలు మాట్లాడింది ఆయనే. అద్దెను ముక్కలు చేయిస్తే అందులో ఫ్యాన్ల ముక్క ఒకటి కనబడింది. "జనవరిలో ఫ్యాన్లు దేనికి?" అని దాన్ని కొట్టేయించాడు. ఆ రోజు మూడువందలమంది చుట్టాలు, బిర్యానీ వేడి, మూసిన కిటికీలు. పెళ్లి ఆల్బమ్‌లో అందరి మొహాలూ తడిగా ఉంటాయి. చూసినవాళ్లు పెళ్లికూతుర్ని పంపలేక ఏడుస్తున్నారనుకుంటారు గాని, అది ఉత్త చెమట.

తబస్సుం ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. రెండేళ్ల కింద వచ్చిన విషజ్వరం పోతూ పోతూ వినికిడిలో సగం పట్టుకుపోయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ముందు బెంచీవాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకునేది. వెనక బెంచీవాళ్లు ఏమడిగినా చిరునవ్వు నవ్వి, "మంచి ప్రశ్న, రేపు చెబుతా" అనేది. ఆ రేపులన్నీ పోగుపడి చివరికి ప్రిన్సిపాల్ చెవిన పడ్డాయి. "జూన్‌లో కొత్త బ్యాచి వస్తుంది మేడమ్. ఈలోగా చెవుల సంగతి చూసుకోండి. లేదంటే ఆఫీసులో కూర్చుందురుగాని, జీతం మాత్రం సగమే" అన్నాడాయన. జీతం సగమైతే ఎలాగో సర్దుకోవచ్చు. పాఠం చెప్పకుండా ఎలా బతకాలో మాత్రం ఆమెకు తెలియదు.

ఆమె, మంగళగిరి చీరల దుకాణంలో పనిచేసే భర్త నాసిర్, ఇద్దరూ కూడబెట్టింది సరిగ్గా లక్ష రూపాయలు. బందరు రోడ్డులో చెవి మిషన్లు అమ్మే సెంటరుకు తబస్సుం ఒక్కతే వెళ్లింది. రెండు చెవులకూ కలిపి లక్షా ఎనభై వేలన్నారు. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నాసిర్‌ని పంపుదామా అంటే, పాతికేళ్లుగా అమ్మడమే తప్ప కొనడం తెలియని మనిషి. సరిగ్గా అప్పుడే దోసకాయలు ఇచ్చిపోదామని మామూ వచ్చాడు.

సంగతంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "మొత్తంగా చెప్పాడా? ఒకటే ధరగా?"

"అవును మామూ."

ఇంటి ఆడపిల్లను ఎవరో తిట్టినట్టు ఆయన మొహం ఎర్రబడింది. "రేపు పదింటికి తయారుగా ఉండు బేటీ" అని దోసకాయలతో సహా వెళ్లిపోయాడు.

మర్నాడు సెంటరులో ఏసీ, సోఫా, గోడ నిండా నవ్వుతున్న ముసలివాళ్ల ఫొటోలు. మేనేజరు సురేష్ టై సర్దుకుని ఎదురొచ్చాడు. ముందు ఎలిజబెత్ అనే అమ్మాయి తబస్సుంని గాజుగదిలోకి తీసుకెళ్లింది. వినికిడి పరీక్షలు చేసి మిషన్లు అమర్చడం ఆమె పని. గంటన్నర సేపు ఓపిగ్గా ఒక్కో శబ్దం వినిపించి, రాసుకుని, రెండు మిషన్లు కంప్యూటరుకు కలిపి, సరిచేసి, మళ్లీ సరిచేసి, ట్రయల్ కోసం తబస్సుం చెవులకు పెట్టింది. పెట్టగానే తబస్సుంకి తన గాజుల చప్పుడు వినబడింది. గాజులు చప్పుడు చేస్తాయన్న సంగతే ఆమె మరిచిపోయింది. ఇక ఈ మిషన్లు లేకుండా బయటికి వెళ్లలేనని ఆ క్షణంలోనే ఆమెకు తెలిసిపోయింది. అవతల మామూ ఉన్నాడని కూడా గుర్తొచ్చింది.

"పెయిర్ మొత్తం లక్షా ఎనభై అండీ. మేడమ్‌గారికి ఫైనల్" అన్నాడు సురేష్.

"విడగొట్టి చెప్పండి" అన్నాడు మామూ.

"అలా ఉండదు సార్. ఇది ప్యాకేజీ."

"ప్యాక్ చేసిందేగా? విప్పండి."

సురేష్ నవ్వాడు. అదే అతను ఆ రోజు నవ్విన ఆఖరి నవ్వు. "విప్పడం కుదరదు సార్."

"నేను లారీ ఇంజన్ని ఆరువందల ముక్కలుగా విప్పి మళ్లీ బిగిస్తానండీ. మీది చెవిలో పట్టేంత ఉంది. ఆలోచించుకోండి, నాకేం తొందర లేదు" అని మామూ సోఫాలో వెనక్కి వాలాడు. సురేష్ కాఫీ తెప్పించాడు. మామూ కప్పు వంక అనుమానంగా చూశాడు. "ఇది ఏ ముక్కలో ఉంది?" అన్నాడు. "ఇది ఫ్రీ సార్" అంటే, "ఏసీ దుకాణంలో ఫ్రీ ఉండదండీ" అని కప్పు పక్కకు జరిపాడు.

తబస్సుం నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఇంకో ఐదు నిమిషాల్లో తమని గెంటేస్తారని లెక్కేసుకుంది. కానీ ముప్పావుగంట గడిచేసరికి సురేష్ కాగితం తీసి, చెమట తుడుచుకుంటూ ఆరు వరసలు రాశాడు. మిషన్లు రెండు, తొంభై ఆరు వేలు. చార్జరు పన్నెండు. నాలుగేళ్ల ప్రీమియం కేర్ ముప్పై ఆరు. అదనపు వారంటీ పద్దెనిమిది. టీవీ బాక్సు పద్నాలుగు. రిజిస్ట్రేషన్ నాలుగు. రాసి, దానివంక తనే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

మామూ జేబులోంచి పెన్సిలు తీశాడు.

"టీవీ బాక్సు ఎందుకండీ?"

"టీవీ మాటలు నేరుగా చెవిలోకి వస్తాయి సార్."

"టీవీలో వాళ్లు అనే మాటలు వినబడకపోవడమే మా అమ్మాయికి ఆరోగ్యం" అని గీత కొట్టాడు. "రిజిస్ట్రేషన్ అంటే?"

"కంప్యూటర్లో పేరు ఎక్కించడం సార్."

"అక్షరానికి వెయ్యి అనుకున్నా, తబస్సుం అంటే మూడక్షరాలే కదండీ!" ఇంకో గీత పడింది. అదనపు వారంటీ దగ్గర, కంపెనీ ఎటూ రెండేళ్లు ఇస్తుందని సురేష్ నోటితోనే చెప్పించి, "మూడో ఏడు భయం మూడో ఏడు పడదాం" అన్నాడు. చార్జరు దగ్గరికి వచ్చేసరికి మిషను పెట్టె తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, అడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. పెట్టెలో ఉండేవి: మిషన్లు రెండు, చార్జరు ఒకటి.

"హెడ్డాఫీసువాళ్లు అలా వెయ్యమన్నారండీ" అన్నాడు సురేష్ నీరసంగా.

"వాళ్లు పెట్టె అడుగు చూసి ఉండరు, పాపం" అని మామూ మెత్తగా అని, గట్టిగా గీత కొట్టాడు.

మిగిలింది ప్రీమియం కేర్. మూణ్నెల్లకోసారి వస్తే శుభ్రం చేసి సరిచేస్తారట. మామూ కళ్లు మూసుకున్నాడు. "నాలుగేళ్లకు పదహారుసార్లు. ఒక్కోసారికి రెండువేల రెండువందల యాభై. అదే విడిగా వస్తే ఎంత తీసుకుంటారు?" అని ఎలిజబెత్ వైపు తిరిగాడు.

ఎలిజబెత్ సురేష్‌ని చూసింది. తబస్సుంని చూసింది. "ఐదువందలండీ" అంది.

ఆ గీతతో కాగితం మీద తొంభై ఆరు వేలు మాత్రమే మిగిలింది. అణువును విడగొడితే ఎంత శక్తి పుడుతుందో తబస్సుం పిల్లలకు ఏటా చెబుతూనే ఉంది గాని, ధరను విడగొడితే ఏమవుతుందో కళ్లారా చూడడం అదే మొదలు. ఇన్నేళ్లూ సిగ్గుపడి తలదించుకున్నందుకు ఆమెకు ఇప్పుడు సిగ్గేసింది. సురేష్ సైతం కోపం మరిచిపోయి, "సార్, మీరు ఏ కంపెనీలో చేస్తారు?" అని గౌరవంగా అడిగాడు.

"ఆటోనగర్లో నా షెడ్డేనండీ. లారీ ఏదన్నా ఉంటే తీసుకురండి."

తబస్సుం కౌంటరు దగ్గర నిలబడి ఫోనులో డబ్బు కట్టింది. బిల్లు వస్తూ ఉండగా వెనకనుంచి, హాలుకు ఆ చివర గాజుగది తలుపు దగ్గరనుంచి, మామూ గొంతు వినబడింది. చాలా మెల్లగా మాట్లాడుతున్నాడు. నిన్నటి తబస్సుంకైతే ఆయన అక్కడ ఉన్నాడని కూడా తెలియకపోయేది.

"అమ్మా, ఆ ముప్పై ఆరు వేల ముక్కలో నీదెంత?"

"పర్లేదండీ..." ఎలిజబెత్ గొంతు.

"పర్లేదు అనేది ధర కాదమ్మా. విడగొట్టి చెప్పు."

"మూడు వేలండీ. ప్యాకేజీ అమ్మితే నాకు ఇన్సెంటివ్ వస్తుంది" అంది.

"మరి ఐదువందలని ఎందుకు చెప్పావు? రెండు వేలంటే నేను నోరు మూసుకునేవాణ్ణి కదా."

"మీరు అడిగారు కదండీ. మేడమ్ ఎదురుగా కూర్చుని ఉన్నారు. అబద్ధం ఎలా చెప్పను?"

నోట్లు పెళపెళలాడాయి.

"వద్దండీ, అయ్యో!"

"ఉంచమ్మా. గంటన్నర కూర్చుని మా పిల్లకు చెవులు బిగించావు. బోల్టు బిగిస్తే నేను కూలి తీసుకోనా? నేను కొయ్యాలనుకుంది దుకాణం ముక్కని. నీది మధ్యలో కత్తెరలో పడింది. మా తబస్సుంకి మాత్రం చెప్పకేం. మామూ బేరంలో మూడు వేలు పోగొట్టుకున్నాడని తెలిస్తే నా పరువు ఏమైపోవాలి?"

తబస్సుం వెనక్కి తిరగలేదు. బిల్లు మీద అక్షరాలు అలుక్కుపోయాయి. మామూ ఏ దుకాణంలోంచీ తనతోపాటు బయటికి వచ్చినవాడు కాదు. గొడుగు మరిచిపోయాననో, చెప్పు వారు తెగిందనో రెండు నిమిషాలు వెనక ఉండిపోయేవాడు. ఆ రెండు నిమిషాలూ ఇంకో పది రూపాయలు తగ్గించుకుంటున్నాడనుకునేది. పెళ్లి హాల్లో ఫ్యాన్లు వేసే ముసలతను ప్రతి రంజానుకీ మామూ ఇంటికొచ్చి సేమ్యా ఎందుకు తిని వెళతాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్లూ చిల్లర మనిషి అనుకుంది. ఆ క్షణాన ఆయన కాళ్ల మీద పడాలనిపించింది గాని, పరువు సంగతి విన్నది కాబట్టి ఊరుకుంది.

బయటికి రాగానే బందరు రోడ్డు మొత్తం ఒక్కసారిగా చెవుల్లోకి దూసుకొచ్చింది. మామూ రెండు నిమిషాల తర్వాత వచ్చి, పక్కచూపులు చూస్తూ అడిగాడు.

"నేను లోపల ఆ అమ్మాయితో ఏదో మాట్లాడుతుంటే నీకేమన్నా వినబడిందా బేటీ?"

"లేదు మామూ. అంత దూరంనుంచి మాటలు రావడంలేదు."

మామూ ఠక్కున ఆగిపోయాడు. "రావడంలేదా? కౌంటరుకీ ఆ తలుపుకీ ఇరవై అడుగులు లేవు! మీ వెనక బెంచీ ఎంత దూరం?"

"ముప్పై అడుగులు."

"మరి జూన్‌లో ఏం చేస్తావు? పద వెనక్కి! దగ్గర మాటకెంత పుచ్చుకున్నాడు, దూరం మాటకెంత పుచ్చుకున్నాడు, ఇప్పుడే తేలిపోవాలి!" అప్పటికే ఆయన మూడు మెట్లు ఎక్కేశాడు. అద్దాల తలుపు అవతల సురేష్ సోఫా వెనక్కి తప్పుకోవడం తబస్సుంకి స్పష్టంగా కనిపించింది. ఆమె పరుగున వెళ్లి మామూ చొక్కా చెయ్యి పట్టుకుంది.

"వినబడింది మామూ! అంతా వినబడింది."

ఆయన ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాలిలో పెట్టుకుని నిలబడిపోయాడు. "అంతా అంటే? విడగొట్టి చెప్పు."

"నీదెంత అని అడగడం వినబడింది. నోట్లు వినబడ్డాయి. మీ పరువు సంగతి కూడా వినబడింది."

మామూ మెట్టు దిగాడు. కాసేపు బస్సుల వంక చూశాడు. మెడ గోక్కున్నాడు.

"గుసగుస కూడానా?"

"గుసగుస కూడా."

"అయితే మిషను మంచిదే" అన్నాడు మామూ.